పలనాఁటి శిలలయందుఁ ద్రిశరణము

పలనాఁడనఁగానే తెలుఁగువారికి మొట్టమొదట స్ఫురించునది వీరగాథ. మాచర్ల చెన్నకేశవుఁడు, కారెమపూఁడి రణభూమి, బ్రహ్మనాయుని చాపకూడు ననునవి యా నాఁటి ప్రజల నాలుకలయందు నేఁటికిని నిలిచియున్నవి. కాని యీ సీమకు వీరుల కాలమునకంటె దాదాపు తొమ్మిదివందల యేండ్లకు మున్ను మఱియొక చరిత్ర కలదు. దాచేపల్లి నొరసికొని నాగులేఱు పాఱి యుత్తరమునఁ గృష్ణలోఁ గలయుచున్నది. అచ్చటినుండి పడమటి దిక్కుగాఁ బోయినచో గురజాల, గోలి, తుదకు నాగార్జునకొండ. ఈశాన్యముగాఁ గృష్ణ కావలియొడ్డున జగ్గయ్యపేట. తూర్పున ధాన్యకటకము, అనఁగా నమరావతి. ఈ స్థలములలోఁ బెక్కింటఁ గ్రీస్తుశకము మూఁడవ శతాబ్దినాఁటికి బుద్ధుని, ధర్మమును, సంఘమును శరణు చొచ్చిన జనులు వసించిరి. వారు శరణమనఁగా నేమని తలఁచిరి? ఆ శరణము వారి కులాచారమును, ఇంటి వైదికకర్మమును విడువుమని కోరెనా? అది యే కారణమున నీ సీమలో నడఁగిపోయెను? ఈ మూఁడు ప్రశ్నలకు శిలలు చెప్పఁగల యుత్తరము విచారింపఁదగినది.

ముందుగా శరణవిధియొక్క పుట్టుక నెఱుంగవలెను. వినయపిటకములోని మహావర్గమున నీ కథ వరుసగాఁ జెప్పఁబడినది. బోధి కలిగిన కొలఁది దినములకే తపుస్సుఁడు, భల్లికుఁడు నను నిరువురు వర్తకులు బుద్ధునికి నాహారమిచ్చి శరణు వేఁడిరి. అప్పటికి సంఘము లేదు. కావున వారు బుద్ధుని, ధర్మమును మాత్రమే శరణుగొన్న ద్వివాచికోపాసకులైరి. ఋషిపతనమున ధర్మచక్రప్రవర్తనము జరిగి యయిదుగురు భిక్షువు లేర్పడిన తరువాతనే, యశుఁడను శ్రేష్ఠిపుత్త్రుని తండ్రి మూఁడు శరణములను నుచ్చరించిన మొదటి గృహస్థుఁ డయ్యెను. యశుని తల్లియు, పూర్వాశ్రమమందలి భార్యయు స్త్రీలలో మొదటివారు. ఈ కథవలన నొక విషయము తేటపడుచున్నది. సంఘము లేనిచో మూఁడవ శరణము లేదు. ఈ మాట పలనాఁటి చరిత్రకు ముఖ్యమైనది.

శరణమను పదము తెలుఁగువారికిఁ గ్రొత్తది గాదు. ఓడిన రాజు గెలిచినవానిని శరణు చొచ్చును. భక్తుఁడు దేవుని శరణు వేఁడును. నరసరావుపేట సీమలోని చేజెర్లయందు వెలసిన కపోతేశ్వరాలయముయొక్క స్థలగాథయు శరణాగతరక్షణమునకు సంబంధించినదే. డేగచేఁ దఱుమఁబడిన పావురము శిబిచక్రవర్తిని శరణు చొచ్చెను. అతఁడు తన మేని కండలు కోసి త్రాసునందుంచి దానిని గాపాడెను. ఈ గుడి గజపృష్ఠాకారమున నుండుటంబట్టి మొదట నిది బౌద్ధుల చైత్యగృహమని పండితులు పెక్కండ్రు నిర్ణయించిరి. శిబిజాతకము నాగార్జునకొండ ఫలకములయందును జెక్కఁబడి యున్నది. కాఁబట్టి యీ గాథ యా నాఁడు బౌద్ధులకును, నేఁడు శైవులకును సమానమైన సొత్తు.

అయినను శిబికథలోని శరణమునకును, త్రిశరణమునకును భేదము గలదు. మొదటిదానియందు రక్షకునిబలమే శరణాగతునకు దిక్కు. పావురము చేయవలసినది యేమియు లేదు. త్రిశరణమందు బుద్ధుఁడు శరణాగతునికొఱకు యుద్ధము చేయఁడు. వాని పాపమును దాను మోయఁడు. భయపడిన జనులు కొండలను, వనములను, వృక్షచైత్యములను శరణు చొత్తురనియు, నవి క్షేమకరములు గావనియు, త్రిరత్నములను శరణుపొంది నాలుగార్యసత్యములను సమ్యక్ప్రజ్ఞతోఁ జూచువాఁడే దుఃఖమునుండి విడివడుననియు ధర్మపదము బోధించుచున్నది. మహాపరినిర్వాణ సూత్రమం దంతకంటెను స్పష్టముగా, తమకుఁ దామే శరణమై, ధర్మమే శరణమై మెలంగుఁడని తథాగతుఁ డానందున కుపదేశించెను. త్రోవ చూపినవాఁడు బుద్ధుఁడు, త్రోవ ధర్మము, ఆ త్రోవను నడచువారు సంఘము. నడక మాత్రము శరణాగతునిదే. శాస్త్రకారులును దీనినే నిగ్గుదేల్చిరి. బుద్ధుని శరణుపొందుటయనఁగా వాని శరీరమును గాక, వానిని బుద్ధునిఁ జేసిన ధర్మములను శరణుపొందుట యనియు, సంఘశరణ మనఁగా సంఘమును సంఘముగాఁ జేయు శైక్షాశైక్షధర్మములను శరణుపొందుట యనియు, ధర్మశరణ మనఁగా నిర్వాణమును శరణుపొందుట యనియు వసుబంధుఁ డభిధర్మకోశభాష్యమున వివరించెను. శరణగమనము స్వభావముచేత వాగ్విజ్ఞప్తి యని కూడ నాతఁడు చెప్పెను. అనఁగా నది పలుకు.

ఇచ్చటనే చారిత్రకునకుఁ జిక్కు గలుగుచున్నది. పలుకు గాలిలోఁ గలసిపోవును. ఱాతి మీఁద నిలుచునది దానము. చైత్యము, స్తంభము, మండపము, చెఱువు, దీపము ననునవి శాసనములందు లెక్కింపఁబడును గాని, దాత యే దినమున నే భిక్షువు నెదుట మోకరిల్లి మూఁడుమాఱులు శరణవాక్యము నుచ్చరించెనో యెవఁడును జెక్కింపలేదు. అందుచేతఁ గొంద ఱీ శాసనములను జదివి, యిక్ష్వాకురాణుల బౌద్ధము పుణ్యమునకై చేసిన వ్యయమేగాని శరణము గాదని తలఁచుట కవకాశము కలిగినది. ఈ తలఁపు సరియైనదో కాదో శాసనముల పదములనే సాక్ష్యముగాఁ గొని పరిశీలింపవలెను.

నాగార్జునకొండ యవశేషములను 1926వ సంవత్సరమున శాసనశాఖకుఁ జెందిన ఏ. రంగస్వామి సరస్వతిగారు వెలుఁగులోనికిఁ దెచ్చిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొరగా రచ్చటఁ ద్రవ్వించిరి. డచ్చిదేశపు పండితుఁడు ఫోగెలు శాసనములను బరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’యందుఁ బ్రకటించెను. అవి ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో నున్నవి. వానిలోఁ బెక్కు వాసిష్ఠీపుత్ర శాంతమూలుని కుమారుఁడగు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని యాఱవ రాజ్యసంవత్సరమునకుఁ జెందినవి. ఆ యేఁడు మహాచైత్యమునకుఁ గొనసాగిన నిర్మాణము ముగిసి, నాలుగు దిక్కుల నాయకస్తంభము లెత్తఁబడినవి. దిక్కున కైదేసి స్తంభములు. అవి బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్రప్రవర్తనము, నిర్వాణము ననెడి యైదు ఘట్టములకు గుర్తులని పండితుల మతము. ఈ మహాకార్యమునకు ముఖ్యకర్త్రి రాజు మేనత్తయగు శాంతిశ్రీ. ఈమె శాంతమూలుని తోఁబుట్టువు, పూకీయకులమునకుఁ జెందిన మహాసేనాపతి మహాతలవరుని యిల్లాలు. తరువాతి శాసనమున వీరపురుషదత్తుఁ డీమె కల్లుఁడుగాఁ గానవచ్చుచున్నాఁడు. మేనఱికము తెలుఁగునాట నెంత పాఁతదో యీ శాసనములే చెప్పును. ఉజ్జయినీ రాజపుత్రికయగు రుద్రధరభట్టారికయు నదే చైత్యమునకు స్తంభము నెత్తించి, 170 దీనారిమాషకముల నొసఁగెను.

శాంతిశ్రీ శాసనమును నిదానించి చూచినచోఁ ద్రిరత్నములు మూఁడు నందుఁ గ్రమముగాఁ గనఁబడును. మొదట బుద్ధరత్నము. దేవరాజుచే సత్కరింపఁబడినవాఁడు, రాగద్వేషమోహములను జయించి విముక్తుఁడైనవాఁడు, మహాగణములకు నాయకుఁడు, సమ్యక్సంబుద్ధుఁడు నను విశేషణములతో భగవానునికి నమస్కారము చేయఁబడినది. ఆయన యుత్తమధాతువును దాల్చిన చైత్యమే యీ మహాచైత్యము. లాంగ్‌హర్స్టుగారు త్రవ్వినపుడు చిన్న యస్థిశకలము బంగారు భరిణెయందును, ఆ భరిణె స్తూపాకారమగు వెండి కరండమునందును దొరకినవి. పిదప నా ధాతువు సారనాథమున మూలగంధకుటీ విహారమునకుఁ జేరినది. రెండవది సంఘరత్నము. ఈ నిర్మాణము అపరమహావినశైలీయులగు భిక్షువుల పరిగ్రహమునకై చేయఁబడెను. మూఁడవది ధర్మరత్నము. ఇది శాసనాంతమునఁ గలదు. నవకర్మమును, అనఁగాఁ గట్టడపు పనిని, నడపి ముగించినవాఁడు భదంత ఆనందుఁడు. ఆతఁడు దీఘ, మజ్ఝిమ నికాయములను ధరించినవాఁడు, అనఁగాఁ గంఠస్థము గావించినవాఁడు. ఆ నికాయములను బోధించి చదివించు నాచార్యులకు శిష్యుఁడు. ఱాళ్ళు మోయించిన భిక్షువు తన యర్హతగాఁ జెప్పుకొన్నది శిల్పవిద్యను గాదు, సూత్రధారణమును. ధర్మము గ్రంథరూపమునఁ గాక మనుష్యుల కంఠమున నిలిచిన కాలమది. కాఁబట్టి పలనాఁటిలో ధర్మరత్నమునకు మందిరము భిక్షువు నోరే.

శాంతిశ్రీకిఁ జెప్పఁబడిన విశేషణములయం దొకటి మిక్కిలి గమనింపఁదగినది. శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు నెడతెగని ధారగా నామె యిచ్చు దానము ‘వేలామిక’ దానముతోఁ బోల్పఁబడినది. ఈ పదము దీనిని వ్రాసిన కవి కేదో యొక యలంకారముగాఁ దోఁచినది గాదు. అంగుత్తరనికాయమున వేలాముఁడను బ్రాహ్మణుని కథ గలదు. పసిఁడి పాత్రలు, ఏనుఁగులు, రథములు, గోవులు, వస్త్రములు వేలకొలఁదిగా నిచ్చిన మహాదాత యాతఁడు. ఆ కథను బుద్ధుఁ డనాథపిండదునకుఁ జెప్పి, వేలాముని దానముకంటె సమ్యగ్దృష్టి గల యొక్కనికిఁ బెట్టిన యన్నము గొప్పదనెను. క్రమముగా మెట్లెక్కించుచు, చతుర్దిశల సంఘమునకు విహారము గట్టించుట యంతకంటె గొప్పదనియు, ప్రసన్నచిత్తముతో బుద్ధధర్మసంఘములను శరణుపొందుట విహారదానముకంటెను గొప్పదనియు, పంచశీలమును బూనుట దానికంటెను, మైత్రీభావన దానికంటెను, అనిత్యభావన యన్నిటికంటెను గొప్పవనియు బోధించెను.

ఈ సూత్రమును శాసనముతోఁ జేర్చి చదివినపు డర్థము మాఱుచున్నది. నికాయములు కంఠస్థములైన భిక్షువులు నివసించు చోట, ఆ భిక్షువే పని నడపించిన చైత్యముపై, దాత్రిని వేలామునితోఁ బోల్చుట సూత్రము నెఱిఁగి చేసినదే యనుట యుక్తము. ఆ సూత్రము నెఱిఁగినవారికి వేలామదాన మెన్ని మెట్లలోఁ గ్రిందిదో తెలియును. విహారము గట్టుట మీఁది మెట్టని తెలియును. శరణము దానికిని బైదని తెలియును. అనఁగా శిలపైఁ జెక్కఁబడిన దానమునకు వెనుక, చెక్కఁబడని శరణము మేలుగా భావింపఁబడినదని శాసనపదమే సూచించుచున్నది. గోలి ఫలకములు నీ యంశమునకే తోడ్పడును. 1926లో జూవో దుబ్రయిల్ గారు కనుఁగొన్న యా స్తూపపు ఫలకములు మదరాసు ప్రదర్శనశాలకుఁ జేరినవి, 1929లో టి. ఎన్. రామచంద్రన్ గారు వానిని వర్ణించి గ్రంథమును బ్రకటించిరి. అందు విశ్వంతరజాతకము విపులముగాఁ జెక్కఁబడినది. ఏనుఁగును, రథమును, తుదకు బిడ్డలను సహిత మిచ్చివేసిన రాకుమారుని కథ యది. నాగులేటి తీరపుఁ గాఁపులకును, వర్తకులకును ధర్మము మొదట దానరూపమునఁ గన్నులకుఁ గట్టెడిది. శరణమను మీఁది మెట్టు చెవికిఁ జేరెడిది.

శరణమునకుఁ బ్రత్యక్షసాక్ష్యము మఱియొక పదమునఁ గలదు. అది ‘ఉపాసిక’. ఉపాసకుఁ డెవఁడని శాక్యుఁడగు మహానాముఁ డడుగఁగా, బుద్ధధర్మసంఘములను శరణుపొందినవాఁడే యని తథాగతుఁ డుత్తరమిచ్చెను. కాఁబట్టి శాసనమున నొక స్త్రీ యుపాసిక యని పేర్కొనఁబడినచో, నామె త్రిశరణమును గైకొన్నదని చెప్పినట్లే. వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమున శ్రీపర్వతముపైఁ జుళధర్మగిరి విహారమునఁ జైత్యగృహమును గట్టించిన బోధిశ్రీ యట్టి యుపాసిక. ఈమె రాజకుటుంబమునకుఁ జెందినది గాదు. గోవగామవాసులైన గృహస్థుల యింటిది. అయినను నీమె దానముల పట్టిక యొక దేశపటమువలె నున్నది. సింహళవిహారమున బోధివృక్షప్రాసాదము, పూర్వశైలమునఁ జెఱువు, మండపము, కంటకశైలమహాచైత్యమున ఱాతిమండపము, పుష్పగిరియందు మండపము, దేవగిరియందు ధ్యానశాల. చైత్యగృహము తామ్రపర్ణి, అనఁగా సింహళదేశపు థేరుల పరిగ్రహమునకై యీయఁబడెను. ఆ యాచార్యులు కాశ్మీరము, గాంధారము, చీనము, కిరాతము, తోసలి, అపరాంతము, వంగము, వనవాసి, ద్రవిడము మొదలగు దేశములను ధర్మమునకుఁ ద్రిప్పినవారని శాసనము కొనియాడుచున్నది. పలనాఁటి గృహిణి శరణుగొన్న సంఘము తన యూరిభిక్షువులకే పరిమితము గాదు. సముద్రము దాఁటి వ్యాపించినది. చతుర్దిశల సంఘమను మాట కిది నిదర్శనము.

ఇఁక రెండవ ప్రశ్న. శరణము మతపరివర్తనమా? శాంతిశ్రీ యన్న శాంతమూలుఁడు అగ్నిహోత్రము, అగ్నిష్టోమము, వాజపేయము, అశ్వమేధము నాచరించినవాఁడు. విరూపాక్షపతియగు మహాసేనుని భక్తుఁడు. ఈ విశేషణములను జెప్పునవి యాతని చెల్లెలు వేయించిన బౌద్ధశాసనములే. అన్న యజ్ఞములను దాఁచిపెట్టక, తన చైత్యస్తంభముపైఁ గీర్తించి, ఆ పిమ్మటఁ దన పుణ్యమును బుట్టినింటివారికిని, మెట్టినింటివారికిని, గతించినవారికిని, ఉన్నవారికిని, పుట్టఁబోవువారికిని బంచి, తనకు నిర్వాణసంపదను, లోకమునకు హితసుఖములను శాంతిశ్రీ కోరినది. ఇది నిశ్చయము లేని మనస్సునకు గుర్తని యనరాదు. నిర్గ్రంథుల యనుయాయులైన సింహసేనాపతియు, ఉపాలి గృహపతియు శరణు వేఁడినపుడు, వారి యిల్లు నిర్గ్రంథులకుఁ జిరకాలము చలివేంద్రమువంటి దగుటచే వారికి భిక్ష మానవలదని బుద్ధుఁడే చెప్పెను. శరణము మఱియొకరి కన్నమును నిలుపదు. అశోకుఁడును బైరాటు శాసనమున బుద్ధధర్మసంఘములయందుఁ దన గౌరవమును, ప్రసాదమును సంఘమునకు విన్నవించుకొనెను; పండ్రెండవ శిలాశాసనమున నన్ని పాషండములను బూజించితినని చెప్పెను. కాఁబట్టి యా కాలపు శరణము త్రోవను నిర్ణయించునది గాని, యింటిని జీల్చునది గాదు. అందుచేతనే యొకే కుటుంబమునఁ బురుషుల యజ్ఞశాలయు, స్త్రీల చైత్యమును నిలువఁగలిగినవి.

కాని యీ యౌదార్యమునందే బలహీనతయుఁ గలదు. ఇదియే మూఁడవ ప్రశ్న కుత్తరము. గృహస్థుఁడు తన జననవివాహమరణకర్మములకు బ్రాహ్మణునియు, మోక్షమునకు భిక్షువునియు నాశ్రయించినపుడు, భిక్షువు లేకపోయిన దినమున నింట మిగులునది మొదటిది మాత్రమే. విహారములు రాజకుటుంబస్త్రీల దానముపైఁ బెక్కుగా నాధారపడినవి. వీరపురుషదత్తుని రాణి భట్టిదేవ బహుశ్రుతీయులకును, కూఁతురు కొడబలిశ్రీ మహీశాసకులకును విహారములు గట్టించిరి. ఇక్ష్వాకువంశ మంతరించినపు డా ధార తెగెను. తరువాతివాఁడగు పల్లవ సింహవర్మ పలనాఁటి మంచికల్లునఁ బ్రాకృతమున శాసనము వేయించెను గాని, యది జీవశివస్వామికిఁ జేసిన దానము. భాషయు, లిపియు నట్లే యుండ, దానము పొందువాఁడు మాఱెను. ఏడవ శతాబ్దిలో ధాన్యకటకమునకు వచ్చిన హ్యూన్‌త్సాంగు, పెక్కు సంఘారామములు పాడుపడినవనియు, ఇరువదింట మాత్రము భిక్షువు లుండిరనియు వ్రాసెను. 1182లో కోటకేతరాజు అమరావతియందు అమరేశ్వరునితోఁబాటు బుద్ధదేవునికిని దీపములకు దానమిచ్చెను. ఇది పలనాఁటి వీరయుద్ధము జరిగెనని చెప్పు కాలమునకు దగ్గఱ. అప్పటికి దీపము వెలుఁగుచునే యున్నది. 1344 నాఁటి సింహళదేశపు గడలదేణియ శాసనము ధర్మకీర్తిస్థవిరుఁడు ధాన్యకటకమునఁ బ్రతిమాగృహము నుద్ధరించెనని చెప్పుచున్నది. బోధిశ్రీనాఁటి సింహళసంబంధ మంతవఱకు నిలిచినదన్నమాట. కాని ప్రతిమ కుద్ధారకుఁడు సముద్రము దాఁటి రావలసివచ్చుటయే యిచ్చటి సంఘముయొక్క క్షీణదశను దెలుపును. సంఘము లేనిచో మూఁడవ శరణము లేదను మహావర్గకథ యిట్లు తలక్రిందుగా నిజమైనది.

శాస్త్రములు మాత్ర మన్యదేశములందు బ్రదికినవి. నాగార్జునాచార్యుఁడు రాజునకు వ్రాసిన సుహృల్లేఖయందు బుద్ధధర్మసంఘముల యనుస్మృతియు, దానశీలదేవతానుస్మృతులును మొదటనే విధింపఁబడినవి. చంద్రకీర్తి పేరఁ ద్రిశరణసప్తతి యను గ్రంథము టిబెట్టు భాషాంతరమున నిలిచియున్నది. కృష్ణాతీరమునఁ బలుకు మూగవోయిన తరువాతను హిమాలయముల కావల నదియే పలుకు దినదినము నుచ్చరింపఁబడినది.

ఆ పలుకు మరల దక్షిణమునకు వచ్చుట యిరువదవ శతాబ్దిలో. 1956వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన నాగపురమున డాక్టరు అంబేద్కరు గారు మహాస్థవిర చంద్రమణిగారివలనఁ ద్రిశరణపంచశీలములను గ్రహించి, పిమ్మటఁ దామే లక్షలకొలఁది జనులచేఁ బలికించిరి. ఇచ్చటి భేదము గమనింపఁదగినది. ఆయన 22 ప్రతిజ్ఞలను జేర్చి, పూర్వమతదేవతలను, బ్రాహ్మణులచేఁ జేయించు కర్మములను విడువవలెనని విధించిరి. శాంతిశ్రీ యింట నిమిడిన రెండు త్రోవ లిచ్చట నిముడలేదు. శాంతిశ్రీకి నా యింట నున్నతస్థానము గలదు. కాఁబట్టి యామెకు శరణము మీఁది మెట్టు. అంటరానివారని వెలిఁబెట్టఁబడినవారి కా యింట మెట్టే లేదు. కాఁబట్టి వారికి శరణము ద్వారము. శరణవాక్య మొకటియే యైనను, పలుకువాని నిలుచుచోటునుబట్టి దాని భారము మాఱును. ఆ దీక్షకు ముందు విహారములు లేవు, ఆయకస్తంభములు లేవు, మహాతలవరుల దానములు లేవు. పలుకు ముందు వచ్చెను. కట్టడములు తరువాత వచ్చెను. వేలామసూత్రమునఁ జెప్పిన తారతమ్యమునకుఁ జరిత్ర యిచ్చిన వ్యాఖ్యాన మిది.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యవమున విజయపురిలోయ యంతయుఁ ద్రవ్వి, ముఖ్యశిథిలములను కొండపైకిని, అనుపునకును దరలించిరి. లోయ నీట మునిఁగినది, కొండ ద్వీపమైనది. శాంతిశ్రీ నిలిపిన చోటు నేఁడు జలగర్భమున నున్నది. ఆమె శాసనము మాత్రము చదువఁబడుచునే యున్నది. ఆ శాసనమును జదువువాఁడు దానపుఁ బట్టికతోఁ దృప్తిపడక, వేలామికమను నొక్క పదమువద్ద నాగవలెను. ఱాతిపైఁ జెక్కిన మేలుకంటెఁ జెక్కని మేలు గొప్పదని యా ఱాయియే చెప్పుచున్నది.